వాలుగ పన్ను

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో
షాపు కుర్రాడు చెప్పిన మాట ఒక్కటే:
"గాడిలో పెట్టీసి నొక్కీడమే అక్కా."

పెట్టాను. నొక్కాను.
ఫ్యాను తిరిగింది, ఎర్రదీపం వెలిగింది,
తెర మాత్రం అమావాస్య.
పొడుగ్గా మూడు కూతలు,
కాసేపు ఊరుకుని మళ్ళీ మూడు.
పొందూరు స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూడా
ఇంత దిగులుగా కుయ్యదు.

తెల్లారితే నూలు చిలపల లెక్క
సంఘానికి అచ్చు తీసి ఇవ్వాలి.
నలభై రెండు మంది పేర్లు,
పేరు పక్కన చిలపలు, చిలపల పక్కన రూపాయలు,
అన్నీ ఆ రేకుడబ్బా కడుపులోనే.
పాతది నాలుగు జీబీ, కొత్తది ఎనిమిది,
పన్నెండైతే పని పరుగెడుతుందనుకున్నాను.
కూడిక వచ్చుగాని
పొత్తు కుదరడం వేరే లెక్కని తెలీలేదు.

తీగ పీకాను.
మీట అరనిమిషం నొక్కిపట్టి
లోపల మిగిలిన కరెంటు కక్కించాను.
స్క్రూలు టీ సాసర్లో, సాసరు కుట్టుమిషను మీద.
పాతది ఒక్కటే పెట్టాను: మూడు కూతలు.
కొత్తది ఒక్కటే: మూడు.
గాడి మార్చాను. మూడు.
గుండ్రటి బ్యాటరీ ఊడదీసి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను.
తిట్టాను కూడా.
మా ఆయన మధ్యాహ్నం కునుకులోంచి
"అమ్మీద్దాంలే" అన్నాడు.

అప్పుడొచ్చింది అసిరమ్మ పెద్దమ్మ
జాబితాలో తన పేరెక్కిందో లేదో చూసుకోడానికి.
చదువు రాదు. పేరు ఆకారం తెలుసు,
మొదట్లో అ, చివర మ కింద ఇంకో మ.
చీకటి తెరని చూసింది, నన్ను చూసింది,
సాసరు పక్కనున్న ముక్కని ఎత్తింది.
అంచున పట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు,
అంచునే పట్టుకుంది.
"ఒలే హైమా, ఇది వాలుగ పన్ను కదేటే!"

నిజమే.
రోజూ ఆమె కొండపత్తి ఏకే చేప దవడలాగే
పొడుగ్గా, సన్నగా, ఒక అంచంతా పళ్ళు.
కాకపోతే బంగారుపూత పళ్ళు.
కిటికీ వెలుగులో వంచి చూసింది.
"మురికి పట్టీసింది. పళ్ళు తోమకుండా
దూది ఏకమంటే ఏటి ఏకుతాది?"

వానాకాలం చెమ్మ,
సందులో ఇంటింటి రాట్నం ఎగరేసే నుసి,
మా పెట్టెలోకీ వచ్చి కూర్చుంది.
ఎవరి కూలి రాయాలో
వాళ్ళ పని ధూళే అడ్డం పడింది.

పిల్లాడి జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తెచ్చాను,
సగం అరిగినది, మామిడిపండు వాసనది.
చెరపడానికే పుట్టిన వస్తువు.
దాంతో జ్ఞాపకాన్ని రుద్దాను
అటు పదిసార్లు, ఇటు పదిసార్లు.
నల్లటి నలుసులు పేపరు మీద రాలాయి.
పెద్దమ్మ గాడిలోకి నోటితో ఊదబోతే
తడి తగుల్తుందని ఆపి
రంగుల బ్రష్షుతో దులిపాను.

టక్. రెండు చెవులూ మూసుకున్నాయి.
ఒకే ఒక్క కూత, పొట్టిది.
వెలుగు.

ఎనిమిదే చూపించింది, పన్నెండు కాదు.
పాతదాన్నీ తోమి పక్కన కూర్చోబెడితే
మళ్ళీ మూడు కూతలు. తీసేశాను.

తెర మూల తేదీ
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.
బ్యాటరీ పీకితే దీనికి కాలం తెలీదని
పెద్దమ్మకి చెప్పాను.
నవ్వలేదు. వేళ్ళు మడిచి చూసుకుంది.
"అప్పటికి నా కుడిచెయ్యి బాగుండీది.
వారానికి ఇంకో చిలప దిగీది."
తేదీ ముందుకి జరుపుతుంటే అడిగింది:
"ఆ చేత్తోనే రేటూ కూసింత జరపరాదేటే?"
ఆ మీట నా దగ్గర లేదన్నాను.

ప్రింటరు నలభై రెండు పేర్లూ కక్కింది.
కాగితం వేడి ఆరకముందే
అ దగ్గర వేలు పెట్టి వెతుక్కుంది.
వెళ్తూ వెళ్తూ పాత ముక్క అడిగింది.
"ఇది పనికిరాదే పెద్దమ్మా" అంటే
"పళ్ళు ఊడలేదు కదా" అని
కొంగున ముడేసుకుంది.